పొలిమేర దాటిన కానుక

2009 నవంబర్ 17న వర్జీనియా రాష్ట్రంలోని కాలిన్స్‌విల్ అనే ఊళ్ళో బ్రూస్ అబ్రమ్‌స్కీ అనే మాజీ పోలీసు ఉద్యోగి ఒక తుపాకుల దుకాణంలో గ్లాక్ 19 రకం పిస్తోలు కొన్నాడు. అది తన కోసం కాదు, పెన్సిల్వేనియాలో కాపురం ఉంటున్న అంకుల్ కోసం. పోలీసువారికి ఇచ్చే రాయితీ ధర తనకు దొరుకుతుందని అతని నమ్మకం. ఆ అంకుల్ అప్పటికే 400 డాలర్లకు చెక్కు పంపాడు. డబ్బు దేనికోసమో రాసుకునే గీత మీద తుపాకి పేరు కూడా రాశాడు. దుకాణంలో నింపాల్సిన 4473 నంబరు ఫారంలో ఒక ప్రశ్న ఉంది: ఈ తుపాకికి అసలు కొనుగోలుదారు మీరేనా? అబ్రమ్‌స్కీ అవునన్న చోట గుర్తు పెట్టాడు. ఆ తర్వాత పిస్తోలును పెన్సిల్వేనియాకు తీసుకువెళ్ళి, అక్కడ లైసెన్సు ఉన్న వ్యాపారి సమక్షంలో, అంకుల్ నేరచరిత్రను తనిఖీ చేయించి మరీ అప్పగించాడు. ఇద్దరూ చట్టరీత్యా తుపాకి కలిగి ఉండదగినవారే. ఇద్దరిలో ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా అబ్రమ్‌స్కీ మీద ఫెడరల్ నేరారోపణ వచ్చింది. కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది.

ఈ కథను తెలుగులో చెప్పేవారు మొదటి వాక్యంలోనే ఒక సంగతి తేల్చుకోవాలి. ఆ అంకుల్ మేనమామా, పినతండ్రా, పెదనాన్నా, మేనత్త భర్తా? ఇంగ్లీషు భాషకు ఆ అవసరం లేదు. ఆ కేసులోని ప్రశ్నకూ లేదు. వరస ఏదైనా ఫలితంలో తేడా ఉండదు. తుపాకి ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ నడుమ చుట్టరికం ఏమిటని అమెరికా ఫెడరల్ చట్టం అడగదు. ఎవరు ఏ రాష్ట్రంలో నివసిస్తున్నారని మాత్రం తప్పక అడుగుతుంది. తండ్రికీ కొడుక్కీ మధ్య, అన్నకూ తమ్ముడికీ మధ్య రాష్ట్రపు పొలిమేర ఎందుకు అడ్డు వచ్చింది? ఆ అడ్డు ఒక్క మరణంతో మాత్రమే ఎందుకు తొలగుతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తర్కంలో కంటే చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది.

ముందు నియమం. లైసెన్సు పొందిన వ్యాపారి కాని ఏ వ్యక్తీ తన రాష్ట్రంలో నివసించని మరొక వ్యక్తికి, ఆ సంగతి తెలిసి గాని, తెలుసుకోదగిన కారణం ఉండి గాని, తుపాకి అమ్మకూడదు, మార్చుకోకూడదు, బదిలీ చేయకూడదు, చేరవేయకూడదు. ఆ క్రియల వరసలోనే "ఇవ్వడం" అన్నది కూడా ఉంది. డబ్బు చేతులు మారనంత మాత్రాన నిషేధం తప్పదు. పుచ్చుకునేవారికీ ఇటువంటి నిషేధమే ఉంది: పరాయి రాష్ట్రంలో సంపాదించిన తుపాకిని తాను నివసించే రాష్ట్రంలోకి తెచ్చుకోకూడదు. ఇచ్చేవారి విషయంలో ఉన్న మినహాయింపులు రెండు. వీలునామా ప్రకారం గాని, వీలునామా లేకుండా పోయినవారి ఆస్తి వారసులకు చట్టప్రకారం దక్కడం వల్ల గాని తుపాకి చేతులు మారడం మొదటిది. వేట వంటి న్యాయసమ్మతమైన క్రీడకోసం కొద్దికాలం ఎరువుగానో అద్దెకో ఇవ్వడం రెండవది. ఈ రెండింటికీ చెందని బదిలీ లైసెన్సు ఉన్న వ్యాపారి ద్వారానే జరగాలి. తెలిసి ఉల్లంఘించినవారికి 5 సంవత్సరాల దాకా జైలుశిక్ష పడవచ్చు.

ఈ నియమం వయసు ఆరు దశాబ్దాలు దాటలేదు. అంతకు ముందు తుపాకులను రాష్ట్రాలు దాటించే విషయంలో ఫెడరల్ ప్రభుత్వం చేసింది తక్కువ, చేసినదాంట్లోనూ సందులు ఎక్కువ. 1927లో కాంగ్రెసు చేసిన ఒక చట్టం, దుస్తుల్లో దాచుకోగల పిస్తోళ్ళు, రివాల్వర్లు సామాన్య పౌరులకు తపాలా ద్వారా పంపడాన్ని నిషేధించింది. అది తపాలా శాఖకే పరిమితం. అదే పిస్తోలును ప్రైవేటు రవాణా కంపెనీ పెట్టెలో పెట్టి పంపితే అడిగేవారు లేరు. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్టు మెషిన్‌గన్నుల మీద, గొట్టం కురచ చేసిన తుపాకుల మీద దృష్టి పెట్టింది. వాటిని బదిలీ చేసిన ప్రతిసారీ 200 డాలర్ల పన్ను విధించింది. ఆనాటికి ఆ సొమ్ము చాలా పెద్దది. మొదటి ముసాయిదాలో పిస్తోళ్ళు కూడా ఉండేవి, చర్చల్లో వాటిని తొలగించారు. 1938 నాటి ఫెడరల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్టు వ్యాపారులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ఏడాదికి వ్యాపారి కట్టాల్సిన రుసుము ఒక్క డాలరు. ఆ చట్టం ముఖ్యంగా వ్యాపారులనూ, నేరస్థులనూ, పరారీలో ఉన్నవారినీ ఉద్దేశించినది. ఒహాయోలో ఉన్న తండ్రి ఇల్లినాయిలో ఉన్న కొడుక్కు తన రైఫిల్ ఇస్తే ఆ చట్టానికి పట్టలేదు.

ఈ సందులు ఎంత పెద్దవో దేశానికి తెలిసింది 1963లో. అధ్యక్షుడు కెన్నెడీ హత్యపై వారెన్ కమిషన్ సమర్పించిన నివేదికను గ్రంథంగా చదివేవారికి అందులో అత్యంత నిస్సారంగా కనిపించే పుటలే చట్టచరిత్రకు కీలకమైనవి. రసీదులు, మనియార్డర్లు, తపాలా పెట్టెల నంబర్లు నిండిన పుటలవి. హంతకుడు ఆస్వాల్డ్ 1963 మార్చిలో ఒక పత్రికలోని కూపను కత్తిరించి, ఏ. హైడెల్ అనే మారుపేరుతో షికాగోలోని ఒక దుకాణానికి పంపాడు. ఇటలీ సైన్యానికి చెందిన పాత రైఫిలు, దానికి బిగించిన దుర్భిణితో కలిపి 19.95 డాలర్లు. తపాలా ఖర్చుతో మొత్తం 21.45. అది డాలస్‌లోని అతని తపాలా పెట్టెకు పార్సెల్‌గా వచ్చింది. అంతకుముందే లాస్ ఏంజెలెస్‌లోని మరొక దుకాణం నుంచి 29.95 డాలర్లకు ఒక రివాల్వరు కూడా తెప్పించుకోదలిచాడు. రివాల్వరును తపాలాలో పంపడానికి 1927 చట్టం ఒప్పుకోదు. కాబట్టి అది ప్రైవేటు రవాణా కంపెనీ ద్వారా వచ్చింది. రెండు తుపాకులూ బయలుదేరిన తేదీ ఒక్కటే, మార్చి 20. రెండూ రాష్ట్రాలు దాటి వచ్చాయి. కొన్నవాడి ముఖాన్ని అమ్మినవారెవరూ చూడలేదు.

తపాలా బేరాలపై అంతకుముందే పోరు మొదలుపెట్టినవాడు కనెక్టికట్ సెనెటరు థామస్ డాడ్. బాలనేరాలపై ఏర్పడిన సెనెట్ ఉపసంఘానికి ఆయన అధ్యక్షుడు. 1963 ఆగస్టులోనే, అంటే కెన్నెడీ హత్యకు మూడు నెలల ముందు, తపాలా ద్వారా పిస్తోళ్ళ అమ్మకాన్ని కట్టడి చేసే బిల్లు ప్రవేశపెట్టాడు. హత్య తర్వాత దానిలో రైఫిళ్ళనూ షాట్‌గన్నులనూ చేర్చాడు. ఇక్కడ ఒక విడ్డూరం ఉంది. కోల్ట్, వించెస్టర్ వంటి పేరుమోసిన తుపాకుల కంపెనీలు పుట్టి పెరిగినది ఆయన రాష్ట్రంలోనే. ఎక్కడో ఉన్న దుకాణాలు తపాలా ద్వారా చవకగా అమ్మే పాత విదేశీ సైనిక తుపాకులు ఆ కంపెనీలకూ కంటగింపే. కాబట్టి డాడ్ ప్రయత్నంలో ప్రజాహితం ఎంత, స్థానిక పరిశ్రమల హితం ఎంత అన్నది చరిత్రకారులు ఇప్పటికీ చర్చించే విషయం. ఏమైనా బిల్లు ఐదేళ్ళు మూలపడి ఉంది.

దాన్ని కదిలించినది 1968. ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. హంతకుడు ఆ రైఫిలును అంతకు కొద్ది రోజుల ముందే బర్మింగ్‌హామ్‌లో దొంగపేరుతో దుకాణం బల్లమీదే కొన్నాడు. జూన్ 5న లాస్ ఏంజెలెస్‌లో రాబర్ట్ కెన్నెడీని కాల్చారు, మరునాడు ఆయన మరణించాడు. ఆయనను కాల్చిన చిన్న రివాల్వరు ప్రయాణాన్ని ఈ వ్యాసం విషయం దృష్ట్యా శ్రద్ధగా గమనించాలి. 1965లో వాట్స్ అల్లర్ల తర్వాత ఆత్మరక్షణకని ఒక వృద్ధుడు దాన్ని కొన్నాడు. ఇంట్లో ఉండి భయపెట్టడం తప్ప అది ఆయనకు ఎందుకూ పనికిరాలేదు. తర్వాత అది ఆయన కూతురికి చేరింది. ఆమె నుంచి పొరుగింటి కుర్రాడికి వెళ్ళింది. ఆ కుర్రాడు హంతకుడి సోదరుడికి అమ్మాడు. దుకాణం దాటిన తర్వాత ఆ రివాల్వరు నడిచిన దారంతా కుటుంబమూ ఇరుగుపొరుగే. అందులో ఏ ఒక్క మజిలీ రాష్ట్రపు పొలిమేర దాటలేదు.

అంటే, ఆ జూన్ నెల హత్య పుణ్యమా అని వచ్చిన చట్టం, ఆ హత్యకు వాడిన తుపాకి ప్రయాణాన్ని ఆపేందుకు రూపొందినది కాదు. అది 1963 నాటి కూపనుకు జవాబు. జూన్ 19న సంతకమైన నేరనియంత్రణ చట్టం పిస్తోళ్ళ రాష్ట్రాంతర వ్యాపారాన్ని కట్టడి చేసింది. అక్టోబర్ 22న అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసిన గన్ కంట్రోల్ యాక్టు ఆ కట్టడిని అన్ని రకాల తుపాకులకూ విస్తరించింది. తుపాకుల నమోదు, యజమానులకు లైసెన్సు అనే రెండూ అందులో లేకపోవడం జాన్సన్‌కు అసంతృప్తి. సంతకం చేసిననాడే ఆయన ఆ మాట బహిరంగంగా చెప్పాడు.

ఆ రెండూ లేనప్పుడు కట్టడికి ఆధారమేమిటి? రాష్ట్రం. న్యాయశాస్త్ర పరిశోధకుడు ఫ్రాంక్లిన్ జిమ్రింగ్ 1975లో ప్రచురించిన వ్యాసం ఈ చట్టం గురించి నేటికీ చదవదగినది. ఆయన వివరించినట్టు, ఈ చట్టపు ముఖ్యోద్దేశాల్లో ఒకటి రాష్ట్రాలకు తమ చట్టాలను తాము అమలు చేసుకునే శక్తినివ్వడం. నియమాలు సడలిన రాష్ట్రంలో కొన్న తుపాకి కఠినమైన నియమాలున్న రాష్ట్రంలోకి జారిపోతూ ఉంటే, ఆ కఠినమైన నియమాలు కాగితం మీద అక్షరాలే. పక్క పొలంలో గట్టు లేకపోతే ఈ పొలంలో నీరు నిలవదు. ఫెడరల్ ప్రభుత్వం తానే ఒక దేశవ్యాప్త నియమం చేయడానికి బదులు పొలిమేరల మీద గట్టు వేసింది. ఆ గట్టు వ్యాపారికీ గూండాకూ ఎంత ఎత్తో, కూతురికి రైఫిలు ఇవ్వదలచిన తండ్రికీ అంతే ఎత్తు. చట్టం రాసినవారికి తండ్రి మీద అనుమానం ఉండి కాదు. "ఇవ్వడం" అన్న మాట వదిలేస్తే ప్రతి అమ్మకమూ కానుకే అవుతుందని వారికి తెలుసు.

అయితే మరణానికి మాత్రం గట్టు ఎందుకు తెరిచారు? ఆస్తి వారసత్వమన్నది అమెరికాలో ఎప్పటి నుంచో రాష్ట్రాల న్యాయపరిధిలోని విషయం. పోయినవారి ఆస్తి పంపకాన్ని స్థానిక కోర్టు పర్యవేక్షిస్తుంది, ఆస్తుల జాబితా తయారవుతుంది, వారసుల పేర్లు కాగితం మీదికి వస్తాయి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది. చావును ఎవరూ వ్యాపారంగా చేసుకోలేరు. కానుక పేరుతో అమ్మకం జరపవచ్చు గాని, మరణం పేరుతో జరపడం సాధ్యం కాదు. 1934 చట్టం విషయంలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. బతికుండగా మెషిన్‌గన్ను కొడుక్కు కానుకగా ఇస్తే బదిలీ పన్ను పడుతుంది. అదే తుపాకి యజమాని మరణానంతరం చట్టబద్ధమైన వారసుడికి చేరితే పన్ను లేదు, అనుమతి పత్రం మాత్రం తప్పదు. బతికున్నవారు ఇష్టపడి చేసే పని బదిలీ. మరణం వల్ల జరిగేది అలాంటిది కాదు. ఈ మినహాయింపుకూ ఒక హద్దు ఉంది. వారసుడు నేరస్థుడు కావడం వంటి కారణాలతో తుపాకి కలిగి ఉండే అర్హత లేనివాడైతే, లేదా అతడు ఉండే రాష్ట్రం ఆ రకం తుపాకిని నిషేధించి ఉంటే, వీలునామా అతన్ని కాపాడదు.

ఇక నివాసం అన్న మాట. కుటుంబాల విషయంలో అసలు చిక్కులన్నీ ఇక్కడే. నివాసమంటే ఒక రాష్ట్రంలో ఇల్లు ఏర్పరచుకుని ఉండే ఉద్దేశంతో అక్కడ ఉండడం. రెండు రాష్ట్రాల్లో ఇళ్ళుండి, కొన్నాళ్ళు ఇక్కడా కొన్నాళ్ళు అక్కడా కాపురముండేవారు, ఏ కాలంలో ఎక్కడ ఉంటే ఆ కాలానికి ఆ రాష్ట్రవాసులు. సైనికుడికి తన శాశ్వత విధుల స్థావరం ఉన్న రాష్ట్రం నివాసమే. ఈ చట్టాలను అమలుచేసే ఏటీఎఫ్ అనే ఫెడరల్ శాఖ 1980లో కాలేజీ విద్యార్థుల విషయంలో ఒక నిర్ణయం వెలువరించింది. పరాయి రాష్ట్రంలో హాస్టల్లో ఉండి చదివే విద్యార్థి, చదువు సాగే నెలల్లో ఆ రాష్ట్రవాసి, సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నప్పుడు ఇంటి రాష్ట్రవాసి. అంటే వేసవి సెలవుల్లో తండ్రి ఇంట్లో ఉన్న కొడుకు అక్కడి నివాసి. అదే కొడుకు చదువు ముగించి, ఉద్యోగం వచ్చి వేరే రాష్ట్రంలో ఇల్లు తీసుకున్న తర్వాత పండుగకు వస్తే అతిథి. ఇల్లు అదే, గోడమీద రైఫిలూ అదే. తండ్రీకొడుకుల బంధంలో వచ్చిన మార్పు ఏమీ లేకపోయినా, చట్టం దృష్టిలో వారిద్దరి మధ్య గట్టు లేచింది.

తర్వాతి ఇరవై ఏళ్ళలో ఈ గట్టుకు ఒకచోట గండి కొట్టారు, మరొకచోట ఎత్తు పెంచారు. 1986లో అధ్యక్షుడు రేగన్ సంతకం చేసిన చట్టం, పరాయి రాష్ట్రవాసికి కూడా రైఫిళ్ళూ షాట్‌గన్నులూ అమ్మేందుకు వ్యాపారులను అనుమతించింది. అయితే ఇద్దరూ ముఖాముఖి కలవాలి, రెండు రాష్ట్రాల చట్టాలకూ ఆ బేరం సమ్మతం కావాలి. పిస్తోళ్ళకు ఆ వెసులుబాటు రాలేదు. ఆ తేడా నేటికీ కానుకలను రెండు దారులుగా విడదీస్తుంది. ఒహాయో తండ్రి ఇల్లినాయి కూతురికి పాత వేట రైఫిలు ఇవ్వాలనుకుంటే ఏదో ఒక రాష్ట్రంలోని లైసెన్సు ఉన్న వ్యాపారి దగ్గరికి వెళ్ళాలి. పిస్తోలు ఇవ్వాలనుకుంటే అది కూతురు ఉండే రాష్ట్రంలోని వ్యాపారికే చేరాలి. ఆమె అక్కడికి వెళ్ళి ఫారం నింపి, తనిఖీ పూర్తయ్యాక తీసుకోవాలి. ఆ తనిఖీ వచ్చినది 1993 నాటి బ్రేడీ చట్టంతో. 1981లో రేగన్ మీద జరిగిన హత్యాయత్నంలో తలకు గుండు తగిలిన ప్రెస్ కార్యదర్శి జేమ్స్ బ్రేడీ పేరు దానికి పెట్టారు. కంప్యూటరు ద్వారా తక్షణం నేరచరిత్ర చూసే వ్యవస్థ 1998 నవంబర్ 30న మొదలైంది. ఈ తనిఖీ ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న వ్యాపారి బల్ల దగ్గర మాత్రమే జరగాలి. ఒకే రాష్ట్రంలో ఉన్న ఇద్దరు పౌరులు తమలో తాము తుపాకి ఇచ్చిపుచ్చుకుంటే ఫెడరల్ చట్టం దాన్ని అడగదు.

1986 చట్టంలోనే మరొక అంశం ఉంది. తుపాకి యజమానుల కేంద్రీయ పట్టిక తయారుచేయకూడదని అది ఫెడరల్ ప్రభుత్వాన్ని కట్టడి చేసింది. కాబట్టి నేరస్థలంలో తుపాకి దొరికితే పోలీసులు దాని సంఖ్య పట్టుకుని తయారీదారుకు, అక్కడి నుంచి వ్యాపారికి, ఆ వ్యాపారి దాచిన 4473 ఫారంలోని మొదటి కొనుగోలుదారుకు చేరతారు. అక్కడితో కాగితాల జాడ అంతం. ఆ తర్వాత అది కూతురికి వెళ్ళిందా, పొరుగింటికి వెళ్ళిందా అన్నది మనుషుల జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. 1968లో రాబర్ట్ కెన్నెడీని కాల్చిన రివాల్వరు జాడ తీసినదీ ఇలా ఒకరి తర్వాత ఒకరిని అడిగే. ఆ ఒక్క ఫారం మీద ఇంత భారం పడడమే అబ్రమ్‌స్కీ కేసుకు మూలం.

ఆ ఫారం కానుకలను నిషేధించదు. సొంత డబ్బుతో కొని మరొకరికి నిజంగా కానుకగా ఇచ్చేవారిని అసలు కొనుగోలుదారుగానే గుర్తిస్తుంది. ఎదుటివారి డబ్బుతో వారి కోసం కొంటే మాత్రం కొనుగోలుదారు బల్ల దగ్గర నిలబడ్డవారు కారు. అబ్రమ్‌స్కీ తన జేబులోంచి 400 డాలర్లు పెట్టి అంకుల్‌కు కానుకగా ఇచ్చి ఉంటే అతని జవాబు అబద్ధం అయ్యేది కాదు. పెన్సిల్వేనియా వ్యాపారి ద్వారా అప్పగించాడు కనుక పొలిమేర నియమం కూడా నెరవేరేది. కానుకనూ నేరాన్నీ వేరుచేసినది ఒక చెక్కు. ఆ లావాదేవీకి సంబంధించిన రసీదు వేరే కేసు దర్యాప్తులో జరిగిన సోదాలో పోలీసులకు దొరికింది. ఆ వేరే కేసు తర్వాత కొట్టివేశారు గాని రసీదు మిగిలిపోయింది.

2014 జూన్ 16న సుప్రీం కోర్టు 5-4 తేడాతో శిక్షను సమర్థించింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ ఎలీనా కేగన్ తర్కం సూటిగా ఉంది. చట్టం కోరేది తుపాకి నిజంగా ఎవరి చేతికి వెళుతోందో వ్యాపారికి తెలియడం, వారిని ముఖాముఖి చూడడం, వారి చరిత్ర తనిఖీ చేయడం, వారి పేరు భద్రపరచడం. బల్ల దగ్గర ఒకరు నిలబడి డబ్బు మరొకరు పెడితే ఈ నాలుగూ అర్థం లేనివి అవుతాయి. అసమ్మతి రాసిన జస్టిస్ స్కాలియా ఒక ఇంటి ఉదాహరణ ఎత్తుకున్నాడు. కొడుక్కి డబ్బిచ్చి పాలూ గుడ్లూ తెమ్మని పంపితే, కొట్టువాడు వాటిని అమ్మినది కొడుక్కే గాని ఇంట్లో ఉన్న తండ్రికి కాదుకదా అన్నది ఆయన వాదం. ఇద్దరూ అర్హులైనప్పుడు ఇందులో తప్పేమీ లేదని ప్రభుత్వమే 1990ల నడిమి దాకా భావించిందని కూడా ఆయన గుర్తుచేశాడు. రెండు వాదాల్లోనూ బలముంది. కేగన్ చూసినది తుపాకి వెళ్ళే దారిని, స్కాలియా చూసినది చట్టంలోని మాటను, ఇంటివారి మధ్య సహజంగా జరిగే పనిని. అబ్రమ్‌స్కీకి పడినది ఐదేళ్ళ ప్రొబేషన్. ఎనిమిదేళ్ళ తర్వాత, 2022 జూన్‌లో, కాంగ్రెసు ఇతరుల తరఫున దొంగచాటుగా తుపాకి కొనడాన్ని ప్రత్యేక నేరంగా చేసి 15 ఏళ్ళ దాకా శిక్ష విధించింది. దాని గురి తుపాకి కలిగి ఉండకూడనివారికీ, నేరం తలపెట్టినవారికీ కొనిపెట్టేవారి మీద.

చుట్టరికాన్ని ఫెడరల్ చట్టం పట్టించుకోకపోయినా కొన్ని రాష్ట్రాలు తమ పొలిమేరల లోపల పట్టించుకున్నాయి. ప్రైవేటు బదిలీలకు కూడా తనిఖీ తప్పనిసరి చేసినప్పుడు, కుటుంబానికి మినహాయింపు ఇవ్వాలా, ఇస్తే కుటుంబమంటే ఎవరు అన్న ప్రశ్న వాటికి ఎదురైంది. కాలిఫోర్నియా మినహాయింపు నిలువుగా ఉంటుంది: తల్లిదండ్రులు, పిల్లలు, తాతలు, మనుమలు. తోబుట్టువులు అందులో లేరు. 2014లో ప్రజల ఓటుతో వచ్చిన వాషింగ్టన్ రాష్ట్రపు చట్టం అడ్డంగా కూడా విస్తరించింది. అత్తమామలు, తోబుట్టువులు, బావమరుదులు, మేనల్లుళ్ళు, అన్నదమ్ముల పిల్లలు, అంకుళ్ళూ ఆంటీలూ, వారి పిల్లలూ అందరూ దాని లెక్కలో కుటుంబమే, ఇచ్చేది నిజమైన కానుక అయితే. వరసల విషయంలో తెలుగు పెళ్ళిపత్రికకు దగ్గరగా వచ్చిన చట్టమిది. కాని ఈ ఉదారత అంతా ఆ రాష్ట్రపు హద్దుల లోపలే. సియాటిల్‌లోని అన్న పోర్ట్‌లాండ్‌లోని తమ్ముడికి తుపాకి ఇవ్వదలిస్తే ఇద్దరి మధ్యా ఫెడరల్ గట్టు యథాతథంగా ఉంటుంది.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఇంకొక గట్టు కూడా ఉంది. 1998లో కాంగ్రెసు చేసిన సవరణ ప్రకారం తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకి గాని తూటా గాని కలిగి ఉండకూడదు. ఉద్యోగానికి హెచ్1బి మీద వచ్చినవారూ, చదువుకు ఎఫ్1 మీద వచ్చినవారూ ఈ కోవలోకే వస్తారు. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ఒకే ఇంట్లో అన్న పౌరుడై, తమ్ముడు వీసా మీద ఉంటే, పక్క గదిలో ఉన్న తమ్ముడికి కానుక ఇవ్వడం కూడా నేరమే. ఇక్కడ అడ్డం వచ్చినది పొలిమేర కాదు, మనిషి హోదా. భారతదేశపు 1959 నాటి ఆయుధాల చట్టం మొదటి నుంచీ ఈ రెండవ పద్ధతినే పట్టుకుంది. లైసెన్సు మనిషికి చెందుతుంది. తండ్రి తుపాకి కొడుకుకు దక్కాలంటే, తండ్రి బతికున్నా పోయినా, కొడుకుకు తన పేర లైసెన్సు ఉండాలి. 2019 సవరణ ఒకరి దగ్గర ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించి, వంశపారంపర్యంగా వచ్చినవాటిని కూడా ఆ లెక్కలోకి తెచ్చింది. అక్కడ చట్టం అడిగేది "నీకు అనుమతి ఉందా" అని. అమెరికా చట్టం "నువ్వు ఎక్కడ ఉంటున్నావు" అని కూడా అడుగుతుంది.

ఆ ప్రశ్న ఎంతకాలం నిలుస్తుందన్నది ఇప్పటికీ కోర్టుల ముందున్న విషయమే. పరాయి రాష్ట్రంలో పిస్తోలు కొనే వీలు లేకపోవడాన్ని వాషింగ్టన్ నగరానికి చెందిన దంపతులు, టెక్సాస్ వ్యాపారి ఒకరు సవాలు చేశారు. 2015లో దిగువ కోర్టు వారితో ఏకీభవించింది. 2018లో అప్పీలు కోర్టు నియమాన్ని నిలబెట్టింది. ఆ తర్వాత, 2022 నాటి బ్రూయెన్ తీర్పులో సుప్రీం కోర్టు కొత్త కొలబద్ద ఒకటి పెట్టింది. ఆయుధాల హక్కును పరిమితం చేసే నియమం ఏదైనా, దేశపు చారిత్రక సంప్రదాయానికి అనుగుణంగా ఉన్నదని ప్రభుత్వం నిరూపించాలి. ఆడమ్ వింక్లర్ 2011లో ప్రచురించిన "గన్‌ఫైట్" వంటి పుస్తకాలు ఒకప్పుడు సామాన్య పాఠకుల ఆసక్తికోసం రాసిన చరిత్రలు. ఇప్పుడు ఆ చరిత్రే తీర్పులకు ఆధారం కావలసి వచ్చింది. ఆ కొలబద్ద ముందు 1968 నాటి పొలిమేర నియమం లేత వయసుది. దాని వెనక ఉన్నది శతాబ్దాల ఆచారం కాదు, ఒక పత్రికలోంచి కత్తిరించిన కూపను, ఒక తపాలా పెట్టె, మూడు హత్యలు.

అయినా ఆ నియమం వ్యర్థమని చెప్పడానికి వీల్లేదు. తన రాష్ట్రంలో ఏ తుపాకి ఎవరి చేతికి రావాలో నిర్ణయించుకునే అధికారం అక్కడి ప్రజలకు ఉండాలంటే, ప్రేమతో వచ్చినదైనా సరే, కానుక ఎవరికంటా పడకుండా పొలిమేర దాటకూడదు. దానికి మూల్యం కుటుంబాలు చెల్లిస్తున్నాయి. ఒహాయోలోని తండ్రి తన తండ్రి వాడిన రైఫిలును కూతురి చేతిలో పెట్టాలనుకుంటే, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఆ పని చేయలేడు. ఒక అపరిచితుడి దుకాణంలో, ఆమె ఫారం నింపి తనిఖీ ముగిసే దాకా పక్కన నిలబడి చూడాలి. అలా ఇష్టం లేకపోతే వీలునామాలో ఒక వాక్యం రాసి ఊరుకోవాలి. అప్పుడు ఆ కానుకను కూతురు అందుకుంటున్నప్పుడు చూడడానికి ఆయన ఉండడు.